కాపరి లేని తలుపు
మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్వయంచాలక జలద్వారములు: ఒక పరిశీలన

రాయలసీమయందును, దానిని ఆనుకొనియున్న కోలారు, చిక్కబళ్లాపురము, బెంగళూరు సీమలయందును జనజీవనము అనాదిగా చెరువుపై ఆధారపడియున్నది. చెరువు కట్టుట యొక విద్య. కట్టిన చెరువును కాచుట వేరొక విద్య. మొదటి విద్యను గూర్చి శాసనములు విరివిగా చెప్పుచున్నవి. కడప సీమయందలి పోరుమామిళ్ల శాసనము అందుకు ప్రసిద్ధమైన నిదర్శనము. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు కట్టించిన అనంతరాజసాగరమును గూర్చి క్రీ.శ. 1369లో వెలసిన ఆ శాసనమునందు మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆరు దోషములును వివరింపబడినవి. దినమునకు 1,000 మంది కూలివారును, 100 బండ్లును రెండేండ్లు పనిచేసిన సంగతియు అందు కలదు. కాని కట్ట పూర్తియైన పిమ్మట, వానకాలపు రాత్రులందు తూము కడను, అలుగు కడను నిలిచి ఆ నీటిని కాచినవాని పేరు శాసనమున కెక్కుట అరుదు.

ఆ కాపరిని రాయలసీమలోను, కోలారు ప్రాంతమునను నీరుగంటి యందురు. తెలంగాణమున నీరడి యందురు. తూము ఎంత తెరువవలెను, ఎవరి మడికి ముందు నీరు పారవలెను, అలుగు ఎప్పుడు పొరలును, కట్టలో ఎక్కడ చెమ్మ ఊరుచున్నది అను విషయములన్నియు అతని ఎరుకలో ఉండెడివి. అందులకు ప్రతిఫలముగా కళ్లమున కొలిచి యిచ్చు మేర అతనికి ముట్టెడిది. కొన్ని యూళ్లలో మాన్యమును ఉండెడిది. నేటి శాస్త్రజ్ఞులు నియంత్రణవ్యవస్థ యని పిలుచుదానికి ఆవశ్యకములైన పనులు మూడు: స్థితిని కనిపెట్టుట, దానిని ఉండవలసిన స్థితితో పోల్చుట, తేడా యున్నచో సరిదిద్దుట. ఈ మూడు పనులును ఒకే మనిషి కంటిలోను, బుద్ధిలోను, చేతిలోను ఇమిడియుండిన కాలమది. ఆ మనిషి నిద్రించిన రాత్రి ఏమగునను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

తనంతట తాను నడుచు సాధనములు

మానవుని కాపుదల లేకుండ తన్ను తాను సవరించుకొను సాధనము క్రొత్త భావన కాదు. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున టెసీబియసను శిల్పి యొక జలఘటికను నిర్మించెను. అందు నీటిపై తేలు బిరడ యొకటి పాత్రలోని మట్టము పెరిగినప్పుడు రాకను అడ్డగించి, తరిగినప్పుడు మరల వదలుచు, ధార ఎల్లప్పుడు సమముగా ఉండునట్లు చేసెడిది. మన దేవాలయములలోను, కచ్చేరీలలోను వాడిన గడియకుడుక నీటిలో మునిగి కాలమును తెలిపెడిదే కాని, అది మునిగినప్పుడెల్ల తీసి మరల నీటిపై నుంచుటకు ఒక మనిషి కావలసియుండెను. ఈ రెంటికి గల భేదము గమనింపదగినది. మొదటిదానిలో ఫలితమే వెనుకకు మరలి కారణమును దిద్దుచున్నది.

1788లో జేమ్సు వాట్ తన ఆవిరియంత్రమునకు తిరుగుడుగుండ్ల నియామకమును అమర్చెను. యంత్రము వేగము హెచ్చిన కొలది గుండ్లు దూరముగా విచ్చుకొని ఆవిరి దారిని మూయును. వేగము తగ్గిన కొలది గుండ్లు దగ్గరయై దారిని తెరచును. 1868లో జేమ్సు క్లార్కు మాక్స్‌వెల్ ఇట్టి నియామకములు ఎప్పుడు స్థిరముగా నడుచును, ఎప్పుడు ఊగిసలాడి చెడును అను విషయమును గణితమున నిరూపించెను. 1902లో శివసముద్రము జలపాతముకడ విద్యుత్తు పుట్టి, మొదట కోలారు బంగారుగనులకును, 1905లో బెంగళూరు వీధులకును చేరినది. ఆ కోలారు గనులలో పొట్టచేత పట్టుకొని వచ్చి పనిచేసినవారిలో తెలుగువారు పెక్కుమంది. జలచక్రముల వేగము సమముగా లేనిచో దీపము సమముగా వెలుగదు. కావున శాస్త్రగ్రంథములందు దాగియుండిన నియామకవిద్య ఆ యేట బెంగళూరు సామాన్యుని వాకిట దీపమై నిలిచినదని చెప్పవచ్చును.

మోక్షగుండము నుండి బెంగళూరునకు

ఈ విద్యను భారతదేశపు జలాశయములకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. గిద్దలూరు ప్రాంతమున మోక్షగుండమను గ్రామము కలదు. అతని పూర్వులు కొన్ని తరముల క్రిందట అచటినుండి మైసూరు రాజ్యమునకు తరలి, చిక్కబళ్లాపురము సమీపమందలి ముద్దెనహళ్లిలో స్థిరపడిరి. ఇంటిపేరు తెలుగునాటిది, పుట్టి పెరిగిన నేల కన్నడనాటిది. అతడు ఎవరివాడను వాదమునకు ఇట తావు లేదు. ఊరు విడిచి వచ్చినవారు ఆ ఊరి పేరును తరతరములు మోయుట, వచ్చి చేరిన నేలకు తమ శక్తినంతయు ధారవోయుట, ఈ రెండును ఒకే జీవితమున ఇమిడినవనుటకు అతడు నిదర్శనము. బెంగళూరు తెలుగువారు ఆలోచింపదగిన అంశమిది.

జననము 1860 అని కొందరు, 1861 అని కొందరు చెప్పుదురు. సెప్టెంబరు 15వ తేదీ యనుటలో భేదము లేదు. చిన్ననాటనే తండ్రి గతించెను. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుచు, ఒక కొడగు కుటుంబపు పిల్లలకు పాఠములు చెప్పి తన ఖర్చులు గడుపుకొని, 1881లో బి.ఏ. పట్టమందెను. పిమ్మట పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు నభ్యసించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరెను.

1903: ఖడక్‌వాస్లా

పూనా నగరమునకు ఎగువన ముఠానదిపై ఖడక్‌వాస్లాకడ ఫైఫ్ సరస్సను జలాశయ ముండెను. నగరపు త్రాగునీటికిని, కాలువలక్రింది సాగుకును అదియే ఆధారము. ఏటేట వర్షర్తువున నీరు అలుగుమీదుగా 6 నుండి 8 అడుగుల ఎత్తున పొరలి వ్యర్థముగా పోవుచుండెను. వేసవి వచ్చునప్పటికి నీటికి కొరత. కట్టను ఎత్తుచేసిన నీరు నిలుచును గాని, ఖర్చు మిక్కుటము. పాత పునాది ఆ బరువునకు ఓర్చునో ఓర్వదో యను సందేహము వేరొకటి.

ఇచట సమస్య స్వరూపమును కొంత వివరింపవలసియున్నది. ఏ జలాశయమునకైనను అలుగు మట్టమునకును, వరదనాటి అత్యున్నత మట్టమునకును నడుమ కొంత ఎడముండును. కట్ట ఆ పైమట్టమునకు తగినట్లే కట్టబడియుండును. కాని వరద నాలుగు దినములు తప్ప, తక్కిన కాలమంతయు ఆ ఎడము ఖాళీయే. అలుగుపై తలుపులు నిలిపినచో ఆ ఖాళీని నింపుకొనవచ్చును. అయితే వరద వచ్చినప్పుడు తలుపులు తెరువక తప్పదు. తెరచుట ఆలస్యమైనచో నీరు కట్టమీదుగా పొరలి కట్టనే కోసివేయును. తొందరపడి తెరచినచో దాచిన నీరు నష్టమగును. నడిరాత్రి, గాలివానలో, దీపము నిలువని వేళ, ఆ నిర్ణయము ఒక కాపలాదారుని చేతిలో ఉండును. అతడు రాలేకపోయినను, త్రోవ తెగిపోయినను, నదికి దిగువనున్న ఊళ్ల ప్రాణములు గాలిలో దీపములే.

విశ్వేశ్వరయ్య ఈ చిక్కును విప్పిన తీరు ఆశ్చర్యకరము. ఏ నీటివలన ప్రమాదము కలుగునో ఆ నీటినే కాపరిగా నియమించెను. పాత అలుగుపై సుమారు 8 అడుగుల ఎత్తున స్వయంచాలకములైన తలుపులను అమర్చెను. నీరు పూర్వపు అత్యున్నత వరదమట్టమును చేరువరకు తలుపులు మూసికొనియే యుండును. ఆ మట్టమును మించి నీరు వచ్చినచో ఆ నీటి బలముననే తలుపులు తమంతట తామే తెరచుకొని, హెచ్చు నీటిని వదలును. రాక తగ్గి మట్టము దిగగనే మరల తమంతట తామే మూతపడును. పిలువవలసిన మనిషి లేడు. కాల్చవలసిన బొగ్గు లేదు. కట్ట నొక్క అంగుళమైనను ఎత్తకుండ జలాశయపు నిల్వ సుమారు నూటికి 25 వంతులు పెరిగెను. 1903లో ఈ తలుపులు అచట నెలకొన్నవి. వీనికి అతడు పేటెంటు పొందెను గాని, ప్రభుత్వోద్యోగిగా చేసిన పనికి వేరుగ ప్రతిఫలమేలయని రాయల్టీ స్వీకరింపలేదు. తరువాత గ్వాలియరు రాజ్యమందలి తిగ్రా ఆనకట్టకును, మైసూరు రాజ్యమందలి కృష్ణరాజసాగరమునకును ఈ పద్ధతి వ్యాపించెను.

మూసీ నేర్పిన పాఠము

కాపుదల లేని నీరు ఏమి చేయగలదో 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరము చూచినది. మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొన్న కథ నేటికిని ఆ నగరమున చెప్పుకొందురు. నిజాం ప్రభుత్వపు ఆహ్వానముపై 1909లో విశ్వేశ్వరయ్య వచ్చి కారణములను పరిశోధించెను. మూసీ పరీవాహకప్రాంతమున 788 చెరువులుండెను. ఆ వానకు వానిలో రెండు వందలకు పైగా తెగినవి. పై చెరువు తెగి క్రింది చెరువుపై పడ, అదియు తెగి దాని దిగువదానిపై పడ, వాన తెచ్చిన వరదకు చెరువుల వరద తోడయ్యెను. గొలుసుగా కట్టిన చెరువులకు గల గుణము, దోషము ఒకటియే: ఒకదాని మేలు రెండవదానికి చేరును, ఒకదాని చేటును అట్లే చేరును.

నగరమునకు ఎగువన మూసీపై నొకటియు, దాని ఉపనదియగు ఈసీపై నొకటియు వరదను నిలువరించు జలాశయములు కట్టవలెనని అతడు సూచించెను. 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియై, వరదకు అడ్డుకట్టగను, నగరమునకు త్రాగునీరుగను ఉపయోగపడినవి.

బెంగళూరు ఇంటి మిద్దెపై

1909లోనే మైసూరు చీఫ్ ఇంజనీరై, 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండిన కాలమున విశ్వేశ్వరయ్య చేసిన కార్యములు లోకవిదితములు. 1911లో మొదలై 1931లో ముగిసిన కృష్ణరాజసాగరము వానిలో మకుటాయమానము. వర్షర్తువున ఆ జలాశయపు మట్టము 124.80 అడుగులకు ఎంత దూరమున నున్నదో పత్రికలలో చూచుకొనుట బెంగళూరు నివాసులకు నిత్యకృత్యము. 1974 మొదలుకొని కావేరి నీరు ఈ నగరమునకు చేరుచున్నది. సుమారు 100 కిలోమీటర్ల దూరమును, సుమారు 500 మీటర్ల ఎత్తును తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి అను మూడు మజిలీలలో పంపులు దాటించుచున్నవి. ఒక మజిలీలో పంపు నిలిచినచో దాని ముందువెనుకలవానిని తదనుగుణముగా సవరింపక తప్పదు. పూర్వము చెరువుల గొలుసును నీరుగంటి కాచినట్లు నేడు ఈ మజిలీల గొలుసును కొలతసాధనములును, వానిని కనిపెట్టు ఉద్యోగులును కలిసి కాచుచున్నారు.

అదే మైసూరు రాజ్యమున వి. గణేశయ్యరను ఇంజనీరు కదలెడి తలుపే లేని స్వయంచాలక సాధనమును కల్పించెను. శంఖమువలె మెలికలుగల గరాటు జలాశయములో నిలుపబడి, దానిపై గుమ్మటము వంటి మూత యుండును. నీరు గరాటు అంచును దాటగనే సుడితిరుగుచు దిగి, గొట్టములోని గాలిని వెడలగొట్టును. అంతట నీరు నిండుగా పారును. మట్టము దిగినప్పుడు గాలి మరల చొచ్చి ధార ఆగును. కుణిగలు ప్రాంతమందలి మార్కోనహళ్లి జలాశయమున ఈ సైఫనులు కలవు. తుప్పుపట్టుటకు గొలుసు లేదు, అరుగుటకు చక్రము లేదు.

ఇంతవరకు చెప్పినదానికి చిన్న ప్రతిరూపము బెంగళూరున ఇంటింట కలదు. మిద్దెపైని నీటితొట్టిలో తేలెడి బంతి యొకటి నీరు నిండగనే ఎత్తబడి కుళాయిని మూయును. నీరు వాడుకొనగనే దిగి తెరచును. అలెగ్జాండ్రియా శిల్పి భావన, ఖడక్‌వాస్లా ఇంజనీరు భావన ఆ బంతిలో ఒక్కటై తేలుచున్నవి. తెల్లవారుజామున లేచి బిందెలతో వరుసలో నిలిచిన తల్లుల శ్రమలో కొంత భాగమును అది తగ్గించినది.

రెండు హెచ్చరికలు

స్వయంచాలక సాధనము మానవుని భారమును తొలగించునా, లేక స్థలము మార్చునా యని విచారింపవలెను. చరిత్ర ఇందుకు రెండు నిదర్శనముల నిచ్చుచున్నది.

మొదటిది ఖడక్‌వాస్లాదే. 1961 జులై 12వ తేదీన దానికి ఎగువన, పని యింకను పూర్తికాని పాన్షెట్ ఆనకట్ట తెగెను. ఆ జలరాశియంతయు ఒక్కమారుగా వచ్చి ఖడక్‌వాస్లాపై పడ, ఆ కట్టయు తెగి పూనా నగరము మునిగెను. వానవలన వచ్చు వరదను లెక్కగట్టి చేసిన కట్టు, తెగిన ఆనకట్ట తెచ్చు వరదకు నిలువజాలదు. ఏ నియంత్రణసాధనమునకైనను ఒక యెల్ల యుండును; ఆ యెల్లకు లోబడియే అది తెలివిగలది. అప్పటికి వృద్ధాప్యమున బెంగళూరులో నుండిన విశ్వేశ్వరయ్య మరుసటి యేడు, 1962 ఏప్రిల్ 14వ తేదీన దివంగతుడయ్యెను. మూసీ పరీవాహకమున అతడు 1909లో కనుగొన్న గొలుసుదోషమే అతని తొలి తలుపులున్న చోటను మహావిపత్తునకు కారణమగుట విధివైపరీత్యము.

రెండవది ఇటీవలిది. మద్రాసు, హైదరాబాదు రాజ్యములు కలిసి నిర్మించి 1953లో పూర్తిచేసిన తుంగభద్ర ఆనకట్టకు 33 తలుపులు కలవు. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. కర్ణాటకమున బళ్లారి, కొప్పళ, రాయచూరు సీమలకును, ఆంధ్రమున అనంతపురము, కర్నూలు, కడప సీమలకును, తెలంగాణమున కొంత భాగమునకును అది ప్రాణాధారము. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ తలుపు గొలుసు తెగి, తలుపు వరదలో కొట్టుకొనిపోయెను. జలాశయము నిండియున్న సమయమది. కట్టపై భారము తగ్గించుటకు తక్కిన తలుపులను తెరువవలసివచ్చెను. రెండు రాష్ట్రముల రైతులు పొలమున నాట్లువేసి, తమ పంటనీరు నదిపాలగుట చూచుచు నిలిచిరి. జలద్వారముల పనిలో అనుభవశాలియగు కన్నయ్యనాయుడను ఆంధ్రదేశీయ నిపుణుని పర్యవేక్షణమున, ప్రవహించుచున్న నీటిలోనే ఉక్కు అడ్డుపలకలను ఒకదానిపై నొకటి దింపి, ఆగస్టు 17వ తేదీ నాటికి ఆ ఖాళీని మూసిరి. అట్టి వరదలో ఆ పనికి పూనుకొనినవారు మనుష్యులే.

గొలుసు ఒక్క రాత్రిలో అరుగదు. ఏండ్ల తరబడి అరిగినదానిని ఏదో యొక రాత్రి నీరు పరీక్షించును. కాపరి లేని తలుపునకును కాపరి కావలెను. అయితే అతడు మేలుకొనవలసినది వరదరాత్రి మాత్రమే కాదు, ఎండకాలపు పగటివేళ. గొలుసును తట్టి చూచుట, చక్రమునకు చమురు పెట్టుట, తుప్పును గీకుట అతని పని. ఆ పనికి పేరు రాదు. పొరపాటు జరుగు దినమున నింద మాత్రము వచ్చును. నీరుగంటికి కళ్లమున మేర కొలిచి యిచ్చిన పూర్వులు ఈ సత్యము నెరిగియుండిరి.

వెట్టి నుండి చెలిమికి

రోబోట్ అను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకమున పుట్టినది. ఆ భాషలో దానికి మూలమైన పదమునకు వెట్టిచాకిరి యని యర్థము. వెట్టి యనునది తెలుగు గ్రామములందు ఒక సేవకుని పేరు కూడ నగుటచే మనకు దీని యర్థము వివరింపనక్కరలేదు. 1948లో నార్బర్టు వీనర్ నియంత్రణశాస్త్రమునకు క్రొత్త పేరు పెట్టునప్పుడు ఓడ చుక్కాని పట్టువాడని యర్థమిచ్చు గ్రీకు పదమును గ్రహించెను. ఒక పేరు వెట్టివానిది, ఒక పేరు సరంగుది. యంత్రము మనకు వెట్టి చేయవలెనా, లేక మనము చుక్కాని విడువకుండ అది చేదోడు కావలెనా యను ప్రశ్న ఈ రెండు పేర్లలోనే ఇమిడియున్నది.

ఈ శాస్త్రమున తెలుగువారి పాత్ర అల్పము కాదు. శ్రీకాళహస్తి సమీపమందలి కాటూరున 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డి, లోకమున రాజ్‌రెడ్డిగా ప్రసిద్ధుడు, గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, అమెరికా చేరి, 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రోబోటిక్సు సంస్థకు స్థాపక సంచాలకుడయ్యెను. మనిషి మాటను యంత్రము గ్రహించు విద్యలో అతని కృషి మార్గదర్శకము. 1994లో ట్యూరింగు పురస్కారము అతనిని వరించెను. అక్షరములు రానివారికిని యంత్రసాయము అందవలెనన్నచో యంత్రమునకే వారి మాట రావలెనని ఆ విద్య సూచించుచున్నది. బెంగళూరునందే 1986లో కృత్రిమమేధ, రోబోటిక్సులకై రక్షణ పరిశోధన సంస్థ యొక కేంద్రమును నెలకొల్పినది.

రేపటి యంత్రము తెలుగు పల్లెలో సేవకు వచ్చినచో అచటి మాటలను వినవలసియుండును. తూము, అలుగు, మరవ, కలుజు, మత్తడి అను మాటలు నీటిని అదుపున నుంచిన మనుష్యుల మాటలు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క సీమ అనుభవము నిలిచియున్నది. చెరువు పూడినప్పుడు మాటయు పూడిపోవును. బెంగళూరు నగరమున చెరువులు పలుచోట్ల బస్సుస్థానములును, క్రీడాస్థలములును అయినవి. వానితోపాటు నీరుగంటి యను పేరు వినని తరము పెరుగుచున్నది. ఆ తరము నాగటిచాలు చూడకపోయినను, మిద్దెపైని తొట్టిలో బంతి తేలుట చూడగలదు. అది ఏల తేలుచున్నదో, దాని వెనుక ఎవరెవరు రాత్రులు మేలుకొనిరో చెప్పుట పెద్దల విధి. మోక్షగుండమను ఊరి పేరు ఆ చెప్పుటకు తగిన ఆరంభము.